విజయనగరం నుంచి ఏడుసార్లు: పూసపాటి అశోక్ గజపతిరాజు శాసనసభా జీవితంపై తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో మూడు తరాల ఓటర్లకు శాసనసభ అనగానే మొదట గుర్తుకు వచ్చే పేరు పూసపాటి అశోక్ గజపతిరాజు. విజయనగరం జమీందారీ కుటుంబంలో పుట్టిన ఆయనను ఊళ్లో చాలామంది పేరు పెట్టి పిలవరు, ‘రాజుగారు’ అనే అంటారు. ఆయన గోవా గవర్నరుగా వెళ్లిన తరువాత, ఆయన ఎన్నికైన సంవత్సరాల గురించి, నిర్వహించిన శాఖల గురించి, ఓటముల గురించి విద్యార్థులూ పోటీ పరీక్షలకు చదువుకునే యువకులూ అడిగే ప్రశ్నలు ఎక్కువయ్యాయి. చెప్పేవాళ్లు కూడా ఒకరు ఒక లెక్క, మరొకరు ఇంకో లెక్క చెబుతున్నారు. ఆ ప్రశ్నలకు జవాబులు ఒకచోట చేర్చే ప్రయత్నం ఇది. ఒక వ్యక్తి జీవితం గురించే అయినా, శాసనసభ్యుడి పని అంటే ఏమిటో కూడా అవసరమైన చోట వివరించడం జరిగింది.

ఆయన ఎన్నిసార్లు శాసనసభకు ఎన్నికయ్యారు?

ఏడుసార్లు. 1978, 1983, 1985, 1989, 1994, 1999 ఎన్నికల్లో వరుసగా ఆరుసార్లు, 2004లో ఓడిపోయిన తరువాత 2009లో మరొకసారి గెలిచారు. ఏడు విజయాలూ విజయనగరం నియోజకవర్గం నుంచే వచ్చాయి. వేరే స్థానం నుంచి ఆయన శాసనసభకు ఎన్నిక కాలేదు.

ఏడుసార్లంటే ముప్పై అయిదేళ్లు కావాలి కదా, ముప్పై ఒక్క ఏళ్లే అంటారేమిటి?

శాసనసభ గడువు అయిదేళ్లని రాజ్యాంగంలోని 172వ అధికరణం చెబుతుంది. అయితే అది గరిష్ఠ గడువు మాత్రమే, అంతకు ముందే సభను రద్దు చేయవచ్చు. 1983 జనవరిలో ఏర్పడిన శాసనసభ రెండేళ్లకు మించి నిలవలేదు. 1984 ఆగస్టులో ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని తొలగించి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేయడం, నెల రోజుల ఆందోళన తరువాత రామారావు తిరిగి పదవిలోకి రావడం, ఆపైన ఆయనే సభ రద్దుకు సిఫారసు చేసి ప్రజల తీర్పు కోరడం వరుసగా జరిగిపోయాయి. ఆ కారణంగా 1985 మార్చిలో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. 1985 నాటి సభ కూడా 1989 నవంబరు ఎన్నికలతో అయిదేళ్లు నిండకుండానే ముగిసింది. కాబట్టి 1978 నుంచి 2004 వరకు ఇరవై ఆరేళ్లు, 2009 నుంచి 2014 వరకు అయిదేళ్లు, మొత్తం ముప్పై ఒక్క ఏళ్లు అనేది సరైన లెక్క.

1978లో మొదటిసారి ఏ పార్టీ తరఫున గెలిచారు?

జనతా పార్టీ తరఫున. ఆయన 1951 జూన్ 26న జన్మించారు. అంటే 1978 ఫిబ్రవరి ఎన్నికల నాటికి ఆయనకు ఇరవై ఏడేళ్లు కూడా నిండలేదు. శాసనసభకు పోటీ చేయడానికి కనీస వయసు ఇరవై అయిదేళ్లు.

ఆ ఎన్నికల్లో రాష్ట్రమంతటా ఇందిరా కాంగ్రెస్ గాలి వీచింది. 294 స్థానాల్లో ఆ పార్టీకి 175 దక్కగా జనతా పార్టీకి 60 వచ్చాయి. ఉత్తర భారతంలో అప్పటికి ఏడాది ముందే ఇందిరాగాంధీ ఓడిపోయినా, ఆంధ్రప్రదేశ్ ఆమెను విడిచిపెట్టలేదు. అటువంటి సమయంలో కొత్త కుర్రవాడు ప్రతిపక్షం తరఫున గెలవడం చిన్న విషయం కాదు.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. మొదటిది, 1978లో విజయనగరం జిల్లా అనేదే లేదు. అప్పటికి విజయనగరం పట్టణం విశాఖపట్నం జిల్లాలో భాగం. విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల నుంచి ప్రాంతాలను విడదీసి 1979 జూన్ 1న కొత్త జిల్లాను ఏర్పాటు చేశారు. ఆయన ఎన్నికైనది ఒక జిల్లా నుంచి, పదవీకాలం ముగించినది మరొక జిల్లా శాసనసభ్యుడిగా. రెండవది, ఆ సభలో ప్రతిపక్ష నాయకుడు సర్దార్ గౌతు లచ్చన్న. శ్రీకాకుళం జిల్లా బారువలో 1909లో పుట్టి, స్వాతంత్ర్యోద్యమంలో, రైతు ఉద్యమంలో పండిపోయి, 1952 నుంచి సోంపేట నుంచి పలుమార్లు ఎన్నికైన నాయకుడు. ఆయన వెనుక వరుసల్లో కూర్చుని ఈ యువకుడు సభా వ్యవహారం నేర్చుకున్నారు. ఒక శాసనసభ్యుడికి తొలి సభలో దొరికే గురువు ఎవరన్నది అతని మిగిలిన జీవితం మీద ఎంతో ప్రభావం చూపుతుందని నా నమ్మకం. ఆ రకంగా ఇరవై ఏడేళ్ల వయసుకు దొరికిన పాఠశాల గొప్పది. ఆ అయిదేళ్లలో మర్రి చెన్నారెడ్డి, టి. అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి అనే నలుగురు ముఖ్యమంత్రులు మారడాన్ని కూడా ఆయన ఎదుటి బల్లల నుంచి చూశారు.

జనతా నుంచి తెలుగుదేశంలోకి మారినప్పుడు సభ్యత్వం పోలేదా?

పోలేదు. ఎన్.టి. రామారావు 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని ప్రకటించారు, అశోక్ గజపతిరాజు ఆరంభంలోనే అందులో చేరారు. పార్టీ ఫిరాయింపుల నిరోధానికి రాజ్యాంగంలో పదో షెడ్యూలు చేరినది 1985లో, యాభై రెండవ సవరణ ద్వారా. అంతకు ముందు పార్టీ మారిన వారికి అనర్హత అనేది లేదు. మారిన ఏడాదిలోపే, 1983 జనవరిలో, ఆయన కొత్త పార్టీ గుర్తు మీద ఓటర్ల ముందుకు వెళ్లి గెలిచారు. ఆ తరువాత రాజకీయ జీవితంలో ఉన్నంత కాలం ఆయన అదే పార్టీలో ఉన్నారు.

రాజవంశీకుడు కాబట్టే గెలిచారా?

అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పడం న్యాయం కాదు.

ముందు ఒక పొరపాటు సరిచేయాలి. విజయనగరం హైదరాబాదు, మైసూరు వంటి స్వదేశీ సంస్థానం కాదు. అది 1802 నాటి శాశ్వత శిస్తు ఒప్పందం కింద కంపెనీ ప్రభుత్వానికి పేష్కషు, అంటే ఏటా కట్టవలసిన కప్పం, చెల్లించిన జమీందారీ. కోట, పట్టాభిషేకం, బిరుదులు అన్నీ ఉన్నా, చట్టం దృష్టిలో అది ఎస్టేటు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ అధికారం ముగిసింది. కనుక స్వదేశీ సంస్థానాధీశులకు ఇచ్చి 1971లో రద్దు చేసిన రాజభరణాలతో ఈ కుటుంబానికి సంబంధం లేదు.

కుటుంబం పేరు ఉపకరించలేదని ఎవరైనా అంటే అది నిజం కాదు. గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల వరకు నడిచినా, కోట చుట్టూ తిరిగినా, మహారాజా కళాశాల ముందు నిలబడినా, 1919లో ప్రారంభమైన సంగీత కళాశాల మెట్లెక్కినా ఈ కుటుంబం గుర్తు కనబడుతుంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున కోట బురుజు మీద కూర్చునే కుటుంబం అది. మొదటి ఎన్నికల్లో అభ్యర్థి ఎవరో ఇంటింటికీ చెప్పవలసిన అవసరం ఆయనకు రాలేదు. ఇంకెవరికైనా అది పదేళ్ల శ్రమ.

అయినా పేరు ఒక్కటే ఆరుసార్లు గెలిపించగలదా? అదే పేరు 2004లోనూ ఉంది, ఓటరు ఓడించారు. 2019లోనూ ఉంది, మళ్లీ ఓడించారు. ఎస్టేటు రద్దయిన తరువాత పుట్టిన ఓటరుకు రాజు పట్ల గౌరవం ఉండవచ్చు గాని భయం లేదు. నా లెక్కలో అన్నిటికంటే బరువైన విజయాలు రెండు, 1978వి, 1989వి. రెండుసార్లూ రాష్ట్రం ఎదుటి పక్షం వైపు మొగ్గింది. 1989లో కాంగ్రెస్‌కు 181 స్థానాలు వచ్చి తెలుగుదేశం 74కు పడిపోయింది, అయినా విజయనగరం ఆయనను నిలబెట్టుకుంది. పార్టీ గాలి లేనప్పుడు అభ్యర్థి మీద ఉన్న నమ్మకం ఎంతో తెలుస్తుంది. ఆ నమ్మకంలో వంశం పాలు ఎంత, ఆయన నడవడి పాలు ఎంత అన్నది తూకం వేసి చెప్పగలిగే విషయం కాదు, రెండూ ఉన్నాయి.

తండ్రి, అన్నగారు కూడా చట్టసభల్లో ఉన్నారా?

ఉన్నారు. తండ్రి పూసపాటి విజయరామ గజపతిరాజు, అందరూ పి.వి.జి. రాజుగా పిలుచుకునే ఆయన, సోషలిస్టు భావాలతో రాజకీయాల్లోకి వచ్చి శాసనసభలోనూ లోక్‌సభలోనూ సభ్యుడిగా పనిచేశారు. జమీందారీ వారసుడు సోషలిస్టు కావడం ఆ రోజుల్లో చాలామందిని ఆశ్చర్యపరచిన సంగతి. కోటను చదువుల కోసం అప్పగించిన వారు కూడా ఆయనే. అన్నగారు ఆనంద గజపతిరాజు ఎన్.టి. రామారావు మంత్రివర్గంలో పనిచేసి, ఆ తరువాత బొబ్బిలి లోక్‌సభ స్థానానికి ప్రాతినిధ్యం వహించారు. ఆయన 2016 మార్చిలో కన్నుమూశారు.

ముప్పై ఒక్క ఏళ్లలో అధికార పక్షంలో ఎంతకాలం, ప్రతిపక్షంలో ఎంతకాలం ఉన్నారు?

1978 నుంచి 1983 వరకు ప్రతిపక్షం. 1983 నుంచి 1989 వరకు, 1984 ఆగస్టు సంక్షోభం నడిచిన ఒక్క నెల తప్పించి, అధికార పక్షం. 1989 నుంచి 1994 వరకు ప్రతిపక్షం. 1994 నుంచి 2004 వరకు అధికార పక్షం. 2009 నుంచి 2014 వరకు మళ్లీ ప్రతిపక్షం. కూడి చూస్తే అధికార పక్షంలో సుమారు పదహారేళ్లు, ప్రతిపక్షంలో పదిహేనేళ్లు. ఆయన శాసనసభా జీవితంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఈ సమానత్వమే. ఎప్పుడూ అధికారంలోనే ఉన్న శాసనసభ్యుడికి ప్రశ్న అడగడంలోని కష్టం తెలియదు, ఎప్పుడూ ప్రతిపక్షంలోనే ఉన్న వాడికి దస్త్రం మీద సంతకం పెట్టడంలోని బాధ్యత తెలియదు. ఈ రెండూ తెలిసిన సభ్యులు ఏ సభలోనైనా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు.

ప్రతిపక్షంలో ఉన్న ఎమ్మెల్యే నియోజకవర్గానికి ఏం చేయగలరు?

మంత్రి పదవి లేకపోతే ఎమ్మెల్యే ఏమీ చేయలేరన్న అభిప్రాయం మన దగ్గర బలంగా ఉంది. అది పూర్తిగా సరికాదు.

సభ ప్రారంభం కాగానే వచ్చేది ప్రశ్నోత్తరాల సమయం. సభ్యుడు ముందుగా నోటీసు ఇచ్చిన ప్రశ్నకు సంబంధిత మంత్రి సభలోనే మౌఖికంగా జవాబు చెప్పాలి. దీన్ని నక్షత్ర గుర్తు గల ప్రశ్న అంటారు. ఆ జవాబు మీద అక్కడికక్కడే అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు వస్తుంది. ఒక చెరువు గట్టు మరమ్మతు నిధులు ఎక్కడ ఆగిపోయాయో, ఒక ఆసుపత్రిలో ఎన్ని వైద్యుల పోస్టులు ఖాళీగా ఉన్నాయో ప్రభుత్వం చేత లిఖితంగా చెప్పించే దారి ఇది. ఆ జవాబు సిద్ధం చేయడానికి సచివాలయం నుంచి జిల్లా కలెక్టరేటుకు, అక్కడి నుంచి మండల కార్యాలయానికి కాగితం కదలాలి. కొన్నిసార్లు ప్రశ్న సభలోకి రాకముందే పని పూర్తవుతుంది. పద్ధతి తెలిసిన సభ్యుడికి ఇది పెద్ద ఆయుధం.

ఆ తరువాత జీరో అవర్, సావధాన తీర్మానం, స్వల్పకాలిక చర్చ ఉంటాయి. బడ్జెట్ సమావేశాల్లో శాఖల వారీగా పద్దుల మీద చర్చ జరిగేటప్పుడు, అడిగిన మొత్తాన్ని తగ్గించాలని కోరే కోత తీర్మానాలు ఇవ్వవచ్చు. అవి నెగ్గవు, నెగ్గాలని ఎవరూ ఆశించరు. ఒక ప్రాంతానికి జరిగిన అన్యాయం సభా కార్యకలాపాల్లో నమోదు కావడమే వాటి ప్రయోజనం. ప్రభుత్వ లెక్కలను పరిశీలించే ప్రజాపద్దుల సంఘానికి ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షత వహించడం సంప్రదాయం. సభ లేని రోజుల్లో కూడా ఈ సంఘాల పని నడుస్తుంది. మనకు వార్తల్లో కనబడేది సభలోని గొడవ మాత్రమే.

ఆ రోజుల్లో దీనికంతటికీ విజయనగరం నుంచి హైదరాబాదు వెళ్లాలంటే రాత్రంతా రైలు ప్రయాణం. ఉత్తరాంధ్ర సభ్యులకు రాజధాని ఎంత దూరమో తెలంగాణ, రాయలసీమ సభ్యులకు అంత దూరం కాదు. సభలో మన ప్రాంతం మాట తక్కువగా వినబడిందన్న బాధలో ఈ దూరం పాలు కూడా ఉంది.

ఏ ఏ శాఖలకు మంత్రిగా పనిచేశారు?

ఎన్.టి. రామారావు, చంద్రబాబు నాయుడు మంత్రివర్గాల్లో వేర్వేరు కాలాల్లో ఎక్సైజ్, వాణిజ్య పన్నులు, ఆర్థికం, ప్రణాళిక, శాసనసభా వ్యవహారాలు, రెవెన్యూ వంటి శాఖలు నిర్వహించారు.

ఈ జాబితాను గమనిస్తే ఒక విషయం తెలుస్తుంది. ఇవన్నీ ప్రభుత్వానికి రాబడి తెచ్చేవి, ఆ రాబడిని పంచేవి. ఆసుపత్రికి, పాఠశాలకు, రోడ్డుకు శంకుస్థాపన చేసి శిలాఫలకం మీద పేరు చెక్కించుకునే శాఖలు కావు. ఆర్థిక మంత్రి రోజంతా చేసే పని, అడిగిన వారిలో ఎక్కువ మందికి లేదని చెప్పడం. సొంత పార్టీ సభ్యులకే అలా చెబుతూ కూడా మళ్లీ మళ్లీ గెలవడం ఎంత కష్టమో జనం అంతగా గుర్తించరు.

రెవెన్యూ శాఖ సంగతి వేరు. అడంగల్ అనే భూమి, పంటల లెక్క, పట్టాదారు పాసు పుస్తకం, భూమి తగాదా, కుల ధ్రువీకరణ పత్రం, తుపాను నష్టపరిహారం, ఇలా పల్లెలోని మనిషికి ప్రభుత్వం ఎదురయ్యేది ఆ శాఖ రూపంలోనే. పైగా ఆయన శాసనసభలో ఉన్న కాలంలోనే ఈ వ్యవస్థ మొత్తం మారిపోయింది. 1984లో కరణం, మునసబుల వంశపారంపర్య పదవులు పోయాయి. 1985లో తాలూకాలు, ఫిర్కాల స్థానంలో మండలాలు వచ్చాయి. అంతకు ముందు తాలూకా కచేరీకి ఒక రోజు కూలి పోగొట్టుకుని వెళ్లిన రైతుకు మండల కార్యాలయం నడిచి వెళ్లేంత దగ్గరయింది. జమీందారీ కుటుంబంలో పుట్టిన వ్యక్తి, వంశపారంపర్య గ్రామాధికారాన్ని రద్దు చేసిన పక్షంలో నిలబడటం నాకు ఎప్పుడూ గుర్తుంచుకోదగిన విషయంగా అనిపిస్తుంది.

శాసనసభా వ్యవహారాల మంత్రి పని ఏమిటి?

సభ ఎన్ని రోజులు నడవాలో, ఏ రోజు ఏ అంశం రావాలో నిర్ణయించే సభా వ్యవహారాల సలహా సంఘంలో ప్రభుత్వం తరఫున మాట్లాడటం, బిల్లులు సమయానికి సభ ముందుకు వచ్చేలా చూడటం, స్పీకరుకూ ప్రతిపక్షానికీ ప్రభుత్వానికీ మధ్య మాట కలపడం. ప్రతిపక్షంలో కూర్చున్న అనుభవం ఉన్న వారికి ఈ శాఖ బాగా పొసగుతుంది.

2004లో ఎవరి చేతిలో ఓడిపోయారు? కారణం ఏమిటి?

స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేసిన కోలగట్ల వీరభద్రస్వామి చేతిలో. ఆ ఏడాది కరువు, రైతు ఆత్మహత్యలు, విద్యుత్తు చార్జీల మీద కోపం కలిసి తెలుగుదేశం పార్టీని 47 స్థానాలకు దించాయి, కాంగ్రెస్ 185 గెలుచుకుంది. ఆ గాలి ఒక కారణం. అయితే విజయనగరంలో గెలిచినది కాంగ్రెస్ అభ్యర్థి కాదు, స్వతంత్రుడు. పార్టీ మీద కోపం ఒక్కటే అయితే ఓటు కాంగ్రెస్‌కు వెళ్లేది. ఇరవై ఆరేళ్లు ఒకే వ్యక్తిని చూసిన పట్టణం ఒక మార్పు కోరుకుందని అనుకోవడమే సబబు. 2009లో అదే పట్టణం ఆయనను తిరిగి పిలిచింది. ఆ ఎన్నికల్లో కూడా రాష్ట్రంలో అధికారం కాంగ్రెస్‌కే దక్కింది, 156 స్థానాలతో.

2008 నాటి నియోజకవర్గాల పునర్విభజన ఆయన మీద ప్రభావం చూపిందా?

ఇతరులతో పోలిస్తే చాలా తక్కువ. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన రెండు జిల్లాల నాయకుల జీవితాలను ఈ ఒక్క మార్పు తెలియకుండా అర్థం చేసుకోలేము.

పునర్విభజనకు ముందు శ్రీకాకుళం జిల్లాలో పన్నెండు, విజయనగరం జిల్లాలో పన్నెండు స్థానాలుండేవి. 2009 ఎన్నికల నాటికి అవి పది, తొమ్మిది అయ్యాయి. రెండు జిల్లాలు కలిపి అయిదు స్థానాలు కోల్పోయాయి. వలసల వల్ల మన జనాభా మిగిలిన ప్రాంతాలంత వేగంగా పెరగలేదు, స్థానాలను పంచినది జనాభా లెక్కను బట్టి. పొట్ట చేత పట్టుకుని హైదరాబాదుకూ విశాఖకూ చెన్నైకీ వెళ్లిన మన కూలీల లెక్క చివరికి శాసనసభలో మన గొంతుల సంఖ్యను కూడా తగ్గించింది. ఈ విషయం మీద జరగవలసినంత చర్చ జరగలేదు.

శ్రీకాకుళం జిల్లాలో సోంపేట, హరిశ్చంద్రపురం, కొత్తూరు, ఉణుకూరు పోయి పలాస, రాజాం వచ్చాయి. విజయనగరం జిల్లాలో సతివాడ, భోగాపురం, ఉత్తరాపల్లి, తెర్లాం, నాగూరు పోయి నెల్లిమర్ల, కురుపాం వచ్చాయి. దానితో చాలామంది సీనియర్ నాయకులు ఇల్లు మారినట్టు నియోజకవర్గం మారవలసి వచ్చింది. సోంపేట నుంచి గెలుస్తూ వచ్చిన లచ్చన్న గారి కుమారుడు గౌతు శ్యామసుందర శివాజీ 2014లో పలాస నుంచి గెలిచారు. హరిశ్చంద్రపురం నుంచి గెలిచిన కింజరాపు అచ్చెన్నాయుడు టెక్కలికి మారారు. ఉణుకూరు నుంచి మొదలైన కిమిడి కళావెంకటరావు 2014లో ఎచ్చెర్ల నుంచి, 2024లో చీపురుపల్లి నుంచి గెలిచారు. ఎచ్చెర్ల షెడ్యూల్డు కులాల రిజర్వేషను రాజాంకు మారడంతో అక్కడి నుంచి గెలిచిన కావలి ప్రతిభాభారతి కొత్త స్థానంలో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. విజయనగరం మాత్రం విజయనగరంగానే మిగిలింది. ఒకే పట్టణం, ఒకే పేరు, తెలిసిన వీధులు. ఏడు విజయాల లెక్క చెప్పేటప్పుడు ఈ అనుకూలతను కూడా చెప్పడం న్యాయం.

ఈ ప్రాంతంలో అత్యధికసార్లు గెలిచిన శాసనసభ్యుడు ఆయనేనా?

కాదు. పెనుమత్స సాంబశివరాజు ఎనిమిదిసార్లు శాసనసభకు ఎన్నికయ్యారు. గజపతినగరం, సతివాడ స్థానాలకు ఆయన ప్రాతినిధ్యం వహించారు, మంత్రిగా కూడా పనిచేశారు, 2020 ఆగస్టులో మరణించారు. దీర్ఘకాలం సభలో ఉన్నవారు ఈ రెండు జిల్లాల్లో చాలామందే ఉన్నారు. ఎచ్చెర్ల నుంచి 1983లో మొదటిసారి గెలిచిన కావలి ప్రతిభాభారతి 1999లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి మహిళా స్పీకరయ్యారు. అదే 1983లో ఆమదాలవలస నుంచి సభలో అడుగుపెట్టిన తమ్మినేని సీతారాం 2019లో స్పీకరయ్యారు. లచ్చన్న గారి పేరు ఇప్పుడు నాగావళి మీద తోటపల్లి బ్యారేజీకి ఉంది. ఎన్ని విజయాలన్నది ఒక లెక్క మాత్రమే. లచ్చన్న గారు 1967లో శ్రీకాకుళం నుంచి లోక్‌సభకు గెలిచి, తన గురువు ఎన్.జి. రంగా చిత్తూరులో ఓడిపోయారని ఆ స్థానాన్ని వదులుకున్నారు. రంగా ఉప ఎన్నికలో శ్రీకాకుళం నుంచి గెలిచి పార్లమెంటుకు వెళ్లారు. అటువంటి పని ఏ విజయాల పట్టికలోనూ కనబడదు.

శాసనసభ నుంచి లోక్‌సభకు ఎప్పుడు, ఎందుకు వెళ్లారు?

2014 ఎన్నికల్లో. రాష్ట్ర విభజన జరిగిన ఏడాది అది. 2013 అక్టోబరులో విభజన వ్యతిరేక ఆందోళనతో విజయనగరం పట్టణంలో కర్ఫ్యూ విధించే పరిస్థితి వచ్చింది. 2014 జనవరి 30న శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించినప్పుడు ఆయన ఆ సభలో సభ్యులు. కొత్త రాష్ట్రానికి కావలసినవి ఢిల్లీలో సాధించాలన్న కాలంలో ఆయన విజయనగరం లోక్‌సభ స్థానం నుంచి లక్షకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఈ లోక్‌సభ స్థానం కూడా పునర్విభజనలో వచ్చినదే, అంతకు ముందు బొబ్బిలి స్థానం ఉండేది. కొత్త స్థానంలో ఎచ్చెర్ల, రాజాం సెగ్మెంట్లు కూడా ఉండటంతో ఆయన మొదటిసారి శ్రీకాకుళం జిల్లా ఓటర్లకు కూడా ప్రతినిధి అయ్యారు.

కేంద్రంలో ఏ శాఖ నిర్వహించారు?

2014 మే 26 నుంచి పౌర విమానయాన శాఖ. ఆయన కాలంలో, 2016లో, జాతీయ పౌర విమానయాన విధానం వచ్చింది. చిన్న పట్టణాలను విమాన మార్గాలతో కలిపే ఉడాన్ పథకం దాని నుంచే పుట్టింది. గంట ప్రయాణానికి కొన్ని సీట్ల ధరను సుమారు 2,500 రూపాయలకు పరిమితం చేయడం అందులోని ప్రధాన ఏర్పాటు. తొలి విమానం 2017 ఏప్రిల్ 27న సిమ్లా నుంచి ఢిల్లీకి ఎగిరింది. భోగాపురం విమానాశ్రయం ఆలోచన కూడా ఈ కాలంలోనే ముందుకు కదిలింది. 2024 నుంచి అదే శాఖ శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు చేతిలో ఉంది. పక్కపక్కనే ఉన్న రెండు లోక్‌సభ స్థానాల సభ్యులు పదేళ్ల వ్యవధిలో ఒకే కేంద్ర శాఖను చేపట్టడం మన ప్రాంతానికి అరుదైన అవకాశం.

మంత్రి పదవికి ఎందుకు రాజీనామా చేశారు?

ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా విషయంలో కేంద్రంతో విభేదించి తెలుగుదేశం పార్టీ తన మంత్రులను ఉపసంహరించుకుంది. 2018 మార్చి 8న ఆయన, కేంద్రంలో ఆ పార్టీ మరో మంత్రి సుజనా చౌదరి రాజీనామా చేశారు.

మాన్సాస్ వివాదానికి, శాసనసభ పదవికి సంబంధం ఉందా?

నేరుగా లేదు. మాన్సాస్ అనేది పి.వి.జి. రాజు 1958లో తన తండ్రి అలక్ నారాయణ గజపతిరాజు పేరుతో స్థాపించిన విద్యా ధర్మసంస్థ. దాని అధ్యక్ష స్థానం కుటుంబ పరంపరలో వస్తుంది, ఎన్నికలతో రాదు. 2020 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం అశోక్ గజపతిరాజు స్థానంలో ఆనంద గజపతిరాజు కుమార్తె సంచయితను నియమించింది. ఆ ఉత్తర్వులను హైకోర్టు 2021 జూన్‌లో కొట్టివేయడంతో ఆయన తిరిగి అధ్యక్షులయ్యారు. ఈ వివాదం నడిచిన కాలంలో ఆయన ఏ చట్టసభలోనూ సభ్యుడు కారు. పత్రికల్లో రెండూ కలిపి రాయడం వల్ల చదివేవారు తికమకపడుతున్నారు.

2019, 2024 ఎన్నికల్లో ఏం జరిగింది?

2019లో విజయనగరం లోక్‌సభ స్థానంలో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి బెల్లాన చంద్రశేఖర్ చేతిలో ఓడిపోయారు. 2024లో ఆయన పోటీ చేయలేదు. కుమార్తె అదితి విజయలక్ష్మి విజయనగరం శాసనసభ స్థానం నుంచి గెలిచారు. ఓడిన అభ్యర్థి కోలగట్ల వీరభద్రస్వామి, 2004లో తండ్రిని ఓడించిన వారే.

అమరావతిలోని కొత్త శాసనసభలో ఆయన కూర్చున్నారా?

సభ్యుడిగా కూర్చోలేదు. ఆయన ఏడు పదవీకాలాలూ హైదరాబాదు సభలోనే గడిచాయి. వెలగపూడిలో శాసనసభ మొదటిసారి సమావేశమైనది 2017 మార్చిలో, అప్పటికి ఆయన లోక్‌సభలో ఉన్నారు.

గవర్నరు అయ్యాక పార్టీతో సంబంధం ఉంటుందా? మళ్లీ పోటీ చేయవచ్చా?

2025 జూలై 14న ఆయనను గోవా గవర్నరుగా నియమించారు. తెలుగుదేశం ప్రాథమిక సభ్యత్వానికి రాజీనామా చేసి, జూలై 26న పదవీ ప్రమాణం చేశారు. గవర్నరు ఏ చట్టసభలోనూ సభ్యుడిగా ఉండకూడదని 158వ అధికరణం చెబుతుంది. పదవీకాలం మామూలుగా అయిదేళ్లు, రాష్ట్రపతి అభీష్టం ఉన్నంత వరకు. ఆ పదవి విడిచిన తరువాత ఎన్నికల్లో పోటీ చేయడానికి చట్టం అడ్డు చెప్పదు. తెలంగాణ గవర్నరుగా ఉన్న తమిళిసై సౌందరరాజన్ 2024లో రాజీనామా చేసి లోక్‌సభకు పోటీ చేశారు. సభలో పదిహేనేళ్లకు పైగా గవర్నరు ప్రసంగానికి ధన్యవాద తీర్మానాన్ని సమర్థించే పక్షంలో, దాదాపు అంతే కాలం దానికి సవరణలు కోరే పక్షంలో కూర్చున్న వ్యక్తి, ఇప్పుడు గోవా శాసనసభలో ఆ ప్రసంగం చదివే స్థానంలో ఉన్నారు.